కంప్యూటర్‌లోని ఫైళ్లకు బ్యాకప్ ఎందుకు? ఎలా?

హార్డ్ డిస్క్ ఎప్పుడైనా పాడైపోవచ్చు. పొరపాటున ఫైళ్లు చెరిగిపోవచ్చు. రాన్‌సమ్‌వేర్ అనే హానికర ప్రోగ్రామ్ వాటికి తాళం వేసి డబ్బు అడగవచ్చు. అందుకే ముఖ్యమైన ఫైళ్లకు వేరేచోట నకలు ఉండాలి. దాన్నే బ్యాకప్ అంటారు.

దీనికి 3-2-1 అనే తేలికైన సూత్రం ఉంది. అసలుతో కలిపి 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద ఉండాలి; వాటిలో 1 ఇంటి బయట ఉండాలి. ఉదాహరణకు అసలు ఫైళ్లు కంప్యూటర్‌లో, ఒక నకలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో, మరొకటి క్లౌడ్‌లో. ఇంట్లో దొంగలు పడినా మూడోది మిగులుతుంది. నకలు తీశాక డిస్క్‌ను కంప్యూటర్ నుంచి తీసేయాలి. తగిలించే ఉంచితే రాన్‌సమ్‌వేర్ దానికీ పాకవచ్చు.

విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో టైమ్ మెషీన్ అనే సదుపాయాలు, డిస్క్ తగిలించి ఉన్నప్పుడు, మారిన ఫైళ్లను గుర్తించి వాటంతటవే నకలు తీస్తాయి. పాత రూపాలనూ దాచి ఉంచుతాయి.

బ్యాకప్ ఉంటేనే సరిపోదు, అది పనిచేయాలి. 1998లో పిక్సార్ సంస్థలో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు పొరపాటున చెరిగిపోయాయి. బ్యాకప్ సరిగా లేదని అప్పుడు తెలిసింది. ఒక ఉద్యోగిని ఇంటి కంప్యూటర్‌లో ఉన్న నకలే సినిమాను ఆదుకుంది. అందుకే నెలకోసారైనా బ్యాకప్ నుంచి కొన్ని ఫైళ్లను వెనక్కి తెచ్చి, తెరిచి చూడాలి.