డాక్టరు గారి కళ్ళజోడులో వెన్నెముక

(తెలుగు రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)



ఈ మధ్య మన కార్యక్రమానికి ఫోన్ చేసిన ఒక శ్రోత మంచి ప్రశ్న అడిగారు. ఇండియాలో వాళ్ళ నాన్నగారికి వెన్నెముక ఆపరేషన్ చెయ్యాలన్నారట. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కాగితంలో "ఆగ్మెంటెడ్ రియాలిటీ సాయంతో" అని రాసి, దానికి విడిగా ఖర్చు కూడా చూపించారట. "ఇది నిజంగా పనికొచ్చేదేనా, లేక పేరు గొప్ప ఊరు దిబ్బ బాపతా?" అని ఆయన అడిగారు. మనలో చాలామందికి ఇలాంటి పరిస్థితి వచ్చే ఉంటుంది. అమ్మానాన్నలు అక్కడ, మనం ఇక్కడ. ఫోన్లో ఒక ఫొటో వస్తుంది, అది చదివి రాత్రికి రాత్రే సరే అనో వద్దనో చెప్పాలి.

ముందే చెప్పేస్తాను, నేను డాక్టర్ని కాదు. కంప్యూటర్ వాడిని. ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది నేను చెప్పే మాట కాదు. కానీ ఆ కళ్ళజోడు లోపల నడిచేదంతా మా దుకాణం సరుకే కాబట్టి, అది ఏం చేస్తుందో, ఏం చెయ్యలేదో చెప్పగలను.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే కళ్ళెదుట ఉన్న దృశ్యం మీద కంప్యూటర్ గీసిన బొమ్మను సరిగ్గా దాని చోట అతికించి చూపించడం. వర్చువల్ రియాలిటీలో ఎదుట ఉన్నది కనిపించదు, అంతా కల్పనే. ఇక్కడ ఉన్నది ఉన్నట్టే ఉంటుంది, పైన ఇంకొంచెం చేరుతుంది. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి మైదానం మీద పసుపు గీత తెలుసు కదా. 1998 నుంచి చూపిస్తున్నారు. ఆటగాళ్ళు దాని మీద పరిగెడుతున్నట్టే ఉంటుంది, కానీ గడ్డి మీద గీత లేనే లేదు. కారు రివర్స్ చేసేటప్పుడు తెర మీద కనిపించే రంగు గీతలు కూడా ఈ జాతివే.

వైద్యంలో ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఇక్కడ మన కేరీ, మోరిస్‌విల్ నుంచి కారులో అరగంట దూరంలో ఉన్న చాపెల్ హిల్‌లో, యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలైనాలో, మైకేల్ బజురా, హెన్రీ ఫుక్స్, ర్యుటారో ఒబుచి అనే ముగ్గురు 1992లోనే చేసి చూపించారు. గర్భిణీ స్త్రీకి అల్ట్రాసౌండ్ చేస్తున్నప్పుడు డాక్టరు చూపు ఒకచోట, చెయ్యి ఒకచోట ఉంటాయి కదా. తెర వైపు చూస్తూ చేతిని పొట్ట మీద కదపాలి. అలా కాకుండా, తలకు తగిలించుకున్న తెరలో ఆ అల్ట్రాసౌండ్ బొమ్మ పొట్ట లోపలే కనిపిస్తే ఎలా ఉంటుందని వాళ్ళ ఆలోచన.

కనిపించింది. కానీ చిత్రంగా, లోపల ఉన్నట్టు కాదు, పొట్ట మీద స్టిక్కర్ అంటించినట్టు కనిపించింది. మన కన్ను అంత తేలిగ్గా మోసపోదు. చర్మం అడ్డు ఉన్నప్పుడు దాని వెనకున్నది కనబడకూడదని దానికి తెలుసు. అందుకని వాళ్ళు బొమ్మ చుట్టూ ఒక గుంటను కూడా గీయాల్సి వచ్చింది, పొట్టకు కిటికీ తెరిచినట్టు. ఇంకో బాధ, తల తిప్పితే బొమ్మ వెంటనే తిరిగేది కాదు, కాస్త వెనకబడేది. ఈ రెండు తగువులూ, అంటే సరైన లోతులో చూపించడం, కదిలినా చోటు తప్పకుండా ఉంచడం, ఈ రోజుకీ ఈ రంగంలో పనిచేసేవాళ్ళను వదల్లేదు.

ఇప్పుడు మన శ్రోత అడిగిన వెన్నెముక సంగతికి వద్దాం. అరిగిపోయిన వెన్నుపూసలను కలిపి బిగించడానికి స్క్రూలు వేస్తారు. స్క్రూ వెళ్ళే ఎముక దారి సన్నగా ఉంటుంది, దాని పక్కనే వెన్నుపాము, నరాలు. కాస్త పక్కకు పోతే కాలు పట్టు తప్పవచ్చు. ఇదివరకే నావిగేషన్ యంత్రాలు ఉన్నాయి, కానీ వాటి బొమ్మ పక్కనున్న మానిటర్‌లో వస్తుంది. సర్జను తలెత్తి మానిటర్ చూడాలి, తలదించి గాయం చూడాలి. ఆగ్మెడిక్స్ అనే కంపెనీ చేసిన ఎక్స్‌విజన్ అనే పరికరంలో ఆ బొమ్మ సర్జను కళ్ళెదుటే వస్తుంది. రోగికి తీసిన సీటీ స్కాన్ నుంచి వెన్నెముక బొమ్మ తయారవుతుంది. రోగి ఎముకకు ఒక గుర్తును గట్టిగా బిగిస్తారు. కళ్ళజోడులో ఉన్న కెమెరా ఆ గుర్తునూ, సర్జను చేతిలోని పనిముట్టునూ కనిపెట్టి చూస్తూ, అసలు వెన్నెముక ఉన్న చోటే బొమ్మ వెన్నెముకను నిలబెడుతుంది. దీనికి 2019 డిసెంబరులో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. 2020 జూన్‌లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో దీన్ని పెట్టుకుని ఒక రోగికి మూడు వెన్నుపూసలను కలిపే ఆపరేషన్‌లో 6 స్క్రూలు వేశారు. రెండు రోజుల తరవాత ఇంకో రోగి వెన్నెముకలో ఉన్న కోర్డోమా అనే కాన్సర్ గడ్డను తీశారు.

ఎఫ్‌డీఏ అనుమతి అనగానే మనవాళ్ళు తిరుగులేదనుకుంటారు. ఈ పరికరానికి వచ్చింది, ముందే మార్కెట్లో ఉన్న అలాంటి పరికరాలకు భద్రతలోనూ పనిలోనూ ఇది సమానమే అని చూసి ఇచ్చే రకం అనుమతి. వాటికంటే మెరుగని అందులో ఎక్కడా లేదు. ప్రకటనల్లో ఈ తేడా కనిపించదు.

పైన చెప్పిన లెక్కంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: బిగించిన గుర్తు కదలకూడదు. దానికి ఎవరి మోచెయ్యో తగిలిందనుకోండి, బొమ్మ మాత్రం అంతే అందంగా, అంతే ధీమాగా తప్పు చోట నిలబడుతుంది. తప్పు బొమ్మ కూడా ఒప్పు బొమ్మలాగే మెరుస్తుంది. జీపీయస్‌లో మన కారు హైవే మీద వెళుతుంటే బాణం గుర్తు పక్క రోడ్డు మీద పోవడం చూశాం కదా, అక్కడ కిటికీ లోంచి చూసి నవ్వుకుంటాం. అందుకే అనుభవమున్న సర్జన్లు మధ్యమధ్యలో కనిపిస్తున్న ఎముకను పనిముట్టుతో తాకి, బొమ్మలో కూడా అక్కడే తాకిందా అని సరిచూసుకుంటారు.

ఎముకకు ఒక సుగుణం ఉంది, ఆకారం మారదు. కాలేయం అలా కాదు. ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది, కోస్తే సాగుతుంది, ఒరుగుతుంది. 2013లో జర్మనీలోని హాంబర్గ్‌లో కాలేయపు గడ్డ తీసే ఆపరేషన్‌లో, ఐప్యాడ్‌ను కాలేయం మీదికి పట్టుకుంటే లోపలి రక్తనాళాలు తెర మీద కనిపించేలా చేసి చూశారు. ఫ్రౌన్‌హోఫర్ సంస్థ వాళ్ళు తయారుచేసిన ప్రోగ్రాం అది. చూడటానికి అద్భుతం. కానీ ఆ బొమ్మ ఆపరేషన్‌కు ముందు తీసిన స్కాన్‌ది, కత్తి పడ్డాక కాలేయం ఆ స్కాన్ మాట వినదు. ఇందుకే ఈ విద్య వెన్నెముకకూ కీళ్ళకూ కుదిరినంత త్వరగా మెత్తని అవయవాలకు కుదరడం లేదు.

ఇంకో సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. 2013లో అచ్చయిన ఒక పరిశోధనలో 32 మంది సర్జన్లకు ఒక మృతదేహం మీద ఎండోస్కోప్‌తో చేసే పని ఇచ్చారు. 15 మందికి ఆగ్మెంటెడ్ రియాలిటీ బొమ్మ, 17 మందికి మామూలు దృశ్యం. బొమ్మ ఉన్నవాళ్ళు గురిని ఎక్కువ కచ్చితంగా చేరుకున్నారు. అయితే పరిశోధకులు దారిలో, కళ్ళెదుటే కనిపించేలా, ఒక పెద్ద ప్రమాదకరమైన తేడాను పెట్టి ఉంచారు. మామూలుగా చూసిన 17 మందిలో 7 మంది దాన్ని పట్టుకున్నారు. బొమ్మ ఉన్న 15 మందిలో ఒక్కరే పట్టుకున్నారు. గీత చూపించిన చోటికి చూపు పోతుంది, మిగతా చోట్లకు పోదు. ఫుట్‌బాల్ పసుపు గీతను చూసి రిఫరీ తీర్పు చెప్పడు, అది ఇంట్లో కూర్చున్న మనకోసం. ఆపరేషన్ గదిలో గీతను చూసేవాడే రిఫరీ కూడా.

మా రంగం వాడిగా ఇంకొక్క మాట. ఈ ఆసుపత్రి ప్రయోగాల్లో చాలావరకు దుకాణంలో దొరికే కళ్ళజోళ్ళ మీద నడిచాయి. లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో కాళ్ళ గాయాలకు కండ అతికించేటప్పుడు రక్తనాళాలు వెతకడానికి మైక్రోసాఫ్ట్ వారి హోలోలెన్స్ వాడి, ఆ ఫలితాలు 2018లో ప్రచురించారు. బాగుంది. కానీ 2024లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ తయారీ ఆపేసింది. అంతకు ముందు సంవత్సరమే గూగుల్ తన గ్లాస్ అమ్మకం ఆపేసింది. కంపెనీ వదిలేసిన యంత్రాన్ని నడిపించడం ఎంత తలనొప్పో మా ఆఫీసుల్లో రోజూ చూస్తుంటాం. అక్కడ సర్వర్ పడిపోతే జనం కాఫీకి వెళతారు, ఆపరేషన్ టేబుల్ దగ్గర అలా కుదరదు.

కాబట్టి ఆ శ్రోతకు నేను చెప్పింది ఇంతే. సర్జను గారిని అడగండి, మీరు ఈ కళ్ళజోడుతో ఎన్ని ఆపరేషన్లు చేశారు, అది లేకుండా ఎన్ని చేశారు అని. రెండో అంకె పెద్దదిగా ఉండటం నాకైతే ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. మధ్యలో అది ఆగిపోతే ఏం చేస్తారో అడగండి. ఎక్స్-రేతోనో మామూలు నావిగేషన్‌తోనో పూర్తి చేస్తామని తడుముకోకుండా చెప్పేవారు మంచివారు. స్క్రూలు సరిగ్గా పడ్డాయో లేదో గదిలోంచి బయటికి తెచ్చేముందే స్కాన్ తీసి చూస్తారా అనీ అడగండి. ఇవన్నీ అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పెద్ద ఆపరేషన్లు అటుంచితే, ఈ విద్య నిశ్శబ్దంగా చేరిపోయిన చోటు ఒకటుంది. పెద్దవాళ్ళకు రక్తం తీయాలంటే "నరం దొరకట్లేదండీ" అని నాలుగుచోట్ల పొడుస్తారే, దానికి. (మనం నరం అంటాం గానీ అది సిర.) కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది. యాక్యువెయిన్ లాంటి చేతి పరికరం ఆ తేడాను పట్టుకుని సిరల పటాన్ని తిరిగి చర్మం మీదే వెలుగుతో గీస్తుంది. కళ్ళజోడు అక్కర్లేదు. పిల్లల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే అందరికీ పెద్ద తేడా రాలేదు, సిర దొరకడం కష్టమైన పిల్లలకు మాత్రం ఉపయోగం కనిపించింది. ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే, ఇది ఉందా అని నర్సుని అడగడంలో తప్పులేదు.

చివరిగా, బొమ్మ కాస్త పక్కకు జరిగినా ప్రాణం మీదికి రాని వాడకం ఒకటి చెబుతాను. చెయ్యి తీసేసిన కొందరికి ఆ లేని చెయ్యే నొప్పి పెడుతుంది. తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్ గారు 1990లలో శాన్ డియేగోలో దీనికి అద్దం వాడి చూశారు. ఉన్న చేతి నీడను అద్దంలో చూస్తూ కదిపితే, లేని చెయ్యి కదిలినట్టనిపించి కొందరికి ఉపశమనం వచ్చింది. రెండు చేతులూ లేనివాళ్ళకు అద్దం పనికిరాదు కదా. స్వీడన్‌లో మాక్స్ ఓర్టిజ్ కాటలాన్ బృందం, మిగిలిన మొండెపు కండరాల నుంచి వచ్చే సంకేతాలను పట్టుకుని, తెర మీద కనిపించే మనిషికి బొమ్మ చెయ్యి తగిలించి, దాన్ని రోగి తన తలంపుతోనే కదిపేలా చేసింది. దాంతో కారు పందెం ఆట కూడా ఆడించారు. వేరే ఏ వైద్యమూ పనిచెయ్యని 14 మంది మీద 12 విడతలు చేసిన ఫలితాలు 2016లో లాన్సెట్‌లో వచ్చాయి. నొప్పి సుమారు సగానికి తగ్గింది, ఆరు నెలల తరవాత కూడా ఆ మెరుగు నిలిచింది. పోల్చి చూడటానికి వేరే గుంపు లేని చిన్న పరీక్ష అది. అయినా, మధుమేహంతో కాలో వేలో పోగొట్టుకున్న పెద్దవాళ్ళు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు. లేని కాలు నొప్పి అంటే "అంతా భ్రమ, ఊరుకో" అనేస్తాం. ఆ నొప్పి నిజం. అది తెలిసిన ఫిజియోథెరపిస్టులు అద్దంతో మొదలుపెట్టిస్తారు, అద్దం ఖరీదు ఎంతో మీకు తెలుసు.

సమయం అయిపోయిందంటున్నారు. మీ ప్రశ్నలు ఉంటే ఫోన్ చెయ్యండి. సెలవు.