వంటర్రదాకా రావాలి వైఫై!

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్నారు పెద్దలు. రూటర్ సంగతీ అంతే. ముందు ఇల్లు చూడాలి, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లాలి.

పల్లెలకూ ఇప్పుడు ఫైబర్ లైన్లు వస్తున్నాయి. 2024 డిసెంబరులో టీ-ఫైబర్ మొదలైనప్పుడు తొలుత ఎంచుకున్న నాలుగు ఊళ్లలో పాత కరీంనగర్ జిల్లా అడవి శ్రీరాంపూర్ ఒకటి. తీరా లైను వచ్చాక పెట్టెను ఎక్కడ బిగిస్తారు? తీగ అక్కడికే వచ్చిందనో, టీవీ అక్కడే ఉందనో ముందు అర్రలో! మగవాళ్లు కూర్చునే చోట సిగ్నల్ దండిగా ఉంటుంది. వెనక అర్రలో పాఠం వినే ఆడపిల్లకూ, వంట చేసుకుంటూ గల్ఫ్‌లోని భర్తతో మాట్లాడే ఇల్లాలికీ మాత్రం బొమ్మ ఆగిపోతుంది.

గోడలే అడ్డం

జగిత్యాల, నిర్మల్ వైపు పాత ఇళ్ల గోడలు మందం. ఎండాకాలం చల్లగా ఉంచే ఆ గోడలే వైఫైని మింగేస్తాయి. రూటర్ పంపే తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్‌వి వేగం తక్కువైనా దూరం పోతాయి. 5 గిగాహెర్ట్జ్‌వి వేగం ఎక్కువ, కానీ గోడ అడ్డొస్తే నీరసపడతాయి. రెండూ ఉన్న 'డ్యూయల్ బ్యాండ్' రూటరే అడగండి. యాంటెన్నాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి మురిసిపోకండి. ఎంత ఖరీదు పెట్టినా ఒక్క పెట్టె నాలుగు రాతి గోడలు దాటడం కష్టమే.

ఒకటి కాదు, రెండు

పెద్దింటికి ఒక ఖరీదైన పెట్టె కన్నా, ఒకే పేరుతో కలిసి పనిచేసే రెండు మూడు పెట్టెల 'మెష్' సెట్టు మేలు. గోడలు మరీ మందమైతే ఆ పెట్టెలను 'క్యాట్ 6' కేబుల్‌తో కలిపించండి. 100 మీటర్ల వరకూ ఈ కేబుల్ పనికొస్తుంది. చవకగా వచ్చే రిపీటర్ కొంటే వేగం సగానికి పడిపోవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

* కొనేముందు ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, రూటర్ పెట్టాలనుకున్న చోట ఉంచండి. మరో ఫోన్‌తో ఇల్లంతా తిరగండి. ఏ గోడ అడ్డమో తెలిసిపోతుంది.

* నడుమ వాకిలి ఉన్న ఇల్లయితే, వాన జల్లు పడని వసారాలో ఎత్తుగా బిగించండి. ఆరుబయలు గుండా సిగ్నల్ అన్ని అర్రలకూ అందుతుంది.

* ఇనుప బీరువా, ఫ్రిజ్ వెనక పెట్టొద్దు. మైక్రోవేవ్ ఓవెన్ పక్కనా వద్దు.

* కరెంటు పోయినా ఆగకుండా చిన్న యూపీఎస్ తీసుకోండి. రూటర్‌ కింద రాసిన వోల్టులు సరిచూడండి.

* బిగించినవాళ్లు పెట్టిన పాస్‌వర్డ్ ఆ రోజే మార్చేయండి.

అన్నిటికన్నా ముఖ్యం, రూటర్ ఎక్కడ పెట్టాలో నిర్ణయించేటప్పుడు మీరూ ఓ మాట చెప్పండి. నెలనెలా బిల్లు ఇంటిల్లిపాదికీ కదా, సిగ్నల్ కూడా అందరికీ అందాలి మరి!