నీలి కాగితంపై చంద్రుడు

‘సైన్సు ఎక్కువగా చదివితే పిల్లల విశ్వాసం సడలిపోతుందేమో, పాస్టర్ గారూ’ అని సంఘంలోని తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. వారికి మేము మరియా క్లారా ఐమ్మార్ట్ గురించి చెబుతుంటాం.

జర్మనీలోని న్యూరెంబర్గ్ 1525లోనే లూథర్ సంస్కరణను స్వీకరించిన నగరం. 1676లో ఆమె అక్కడే పుట్టింది. తండ్రి గియార్గ్ క్రిస్టోఫ్ చిత్రకారుడు, ఖగోళ పరిశీలకుడు. కోట బురుజుపై 1678లో నక్షత్రశాల ఏర్పాటు చేసుకున్నాడు. కూతురికి చిత్రకళతోపాటు ఆకాశ పరిశీలన కూడా నేర్పాడు. 1693 నుంచి 1698 వరకు ఆమె టెలిస్కోపులో చంద్రుణ్ణి చూస్తూ, నీలి కాగితాలపై 350కి పైగా బొమ్మలు గీసింది. 1706 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ చిత్రించింది. మరుసటి ఏడాదే ప్రసవ సమయంలో, 31 ఏళ్లకే కన్నుమూసింది. ఆమె చిత్రాలు కొన్ని ఇటలీలోని బొలోన్యాలో నేటికీ భద్రంగా ఉన్నాయి.

ఆకాశ గోళాలు ఏ మచ్చా లేనివని ఒకప్పుడు పండితులు నమ్మేవారు. అది అరిస్టాటిల్ బోధే తప్ప లేఖనం చెప్పిన మాట కాదు. చంద్రుడిపై కొండలూ గుంటలూ ఉన్నాయని 1610లో గెలీలియో ప్రకటించినప్పుడు చాలామంది కలవరపడ్డారు. కానీ ఆదికాండం మొదటి అధ్యాయం చంద్రుణ్ణి దేవుడనలేదు, దేవుడు చేసిన చిన్న జ్యోతి అంది. సృష్టి దేవుడు కాదు గనుకనే దానిని భయం లేకుండా పరిశీలించవచ్చు. దేవుడు చేసింది గనుకనే దానిని భక్తితో పరిశీలించాలి.

మరియా చంద్రుణ్ణి నున్నగా, అందంగా దిద్దలేదు. మచ్చలను మచ్చలుగానే, నీడలను నీడలుగానే గీసింది. ఆ నిజాయితీ మన సాక్ష్యాల్లో ఉందా? దేవుని మహిమపరచాలని మన గుంటలను కప్పిపుచ్చి చెబుతుంటాం. చంద్రుడికి సొంత వెలుగు లేదు, ముఖమంతా మచ్చలే. అయినా సూర్యుని వెలుగును అందుకొని రాత్రికి దారి చూపుతున్నాడు. విశ్వాసి బ్రతుకూ అంతే. వెలుగు క్రీస్తుది, మచ్చలు మనవి.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ గ్రహాల గురించి, నక్షత్రాల గురించి ప్రశ్నలు వేస్తే గద్దించకండి. రాత్రి డాబా మీదికి తీసుకెళ్లి ఆకాశం చూపించండి. ఆ తర్వాత కలిసి 8వ కీర్తన చదవండి. చంద్రుణ్ణి, నక్షత్రాలను చూశాకే దావీదుకు మనిషి ఎంత అల్పుడో, దేవుడు అతణ్ణి ఎంతగా జ్ఞాపకం చేసుకుంటాడో అర్థమైంది.