కంప్యూటరులో డిస్కు చెడిపోతే

ఊళ్లో మహిళా సంఘాలు ఉన్నాయి. ఊళ్లోని సంఘాలన్నీ కలిస్తే గ్రామ సంఘం. గ్రామ సంఘాలన్నీ కలిస్తే మండల సమాఖ్య. సమాఖ్య ఆఫీసులో బల్ల మీద కంప్యూటరు ఉంటుంది. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎన్ని వాయిదాలు తీర్చారు, ఇవన్నీ అందులో ఎక్కిస్తారు. సంఘం సభ్యురాలు ఆ కంప్యూటరును ఎప్పుడూ తాకి ఉండకపోవచ్చు. కానీ కూలి డబ్బులో మిగిల్చి ఆమె కట్టిన పొదుపు లెక్క అందులో ఉంది.

ఒక రోజు లెక్కలు రాసే అమ్మాయి స్విచ్చి వేస్తుంది. తెర మీద రోజూ వచ్చే బొమ్మ రాదు. నల్లటి తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు అక్షరాలు వచ్చి ఆగిపోతాయి. పెట్టె లోపల "టక్ టక్" మని చప్పుడు. ఆపి మళ్లీ వేసినా అంతే.

"డిస్కు పోయిందక్కా" అంటుంది ఆ అమ్మాయి.

అధ్యక్షురాలికి గుండె జారుతుంది. "లెక్కలన్నీ పోయినట్టేనా?" అని అడుగుతుంది.

ఈ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు డిస్కు అంటే ఏమిటో తెలియాలి.

డిస్కు అంటే ఏమిటి?

కంప్యూటరులో తెర వేరు, పెట్టె వేరు. తెరను మానిటరు అంటారు. పెట్టెను అందరూ సి.పి.యు. అంటారు. నిజానికి సి.పి.యు. అనేది ఆ పెట్టెలో ఉండే ఒక చిన్న బిళ్ల పేరు. అయినా పెట్టెకే ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ పెట్టెలో ర్యామ్ అని ఒకటుంది. హార్డ్ డిస్కు అని ఇంకొకటుంది. వంట చేసేటప్పుడు కావలసిన సామాను పొయ్యి పక్కన పెట్టుకుంటాం. వంట అయ్యాక తీసేస్తాం. ర్యామ్ అలాంటిది. కరెంటు పోతే అందులో ఉన్నది పోతుంది. హార్డ్ డిస్కు ధాన్యం గాదె లాంటిది. కరెంటు పోయినా అందులో దాచింది అలాగే ఉంటుంది. రాసిన లెక్కలు, ఉత్తరాలు, ఫోటోలు ఉండేది అక్కడే.

డిస్కులో గుండ్రటి నున్నటి రేకులు ఉంటాయి. ఆ రేకుల మీద అయస్కాంతపు పూత ఉంటుంది. కంప్యూటరు వేయగానే ఈ రేకులు గిర్రున తిరుగుతాయి. సాధారణంగా వాడే ఒక రకం డిస్కులో రేకు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 120 సార్లు. తిరిగే రేకు మీద సన్నటి చెయ్యి లాంటిది ఒకటి అటూ ఇటూ కదులుతుంది. దాని కొసన ఉన్న ముక్క రేకును తాకకుండానే రాస్తుంది, తాకకుండానే చదువుతుంది. ఆ రెండిటి మధ్య ఖాళీ మన తలవెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. ఒక్క దుమ్ము కణం చాలు, ఆ సందులో ఇరుక్కుని రేకును గీరేయడానికి. అందుకే డిస్కును గట్టిగా మూసి ఉంచుతారు.

"టక్ టక్" చప్పుడు ఎందుకు? ఆ చెయ్యి తన చోటు దొరక్క మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి కొట్టుకుంటుంది.

మొదటి హార్డ్ డిస్కును 1956లో అమెరికాలో ఐ.బి.ఎం. అనే కంపెనీ తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న రేకులు అందులో 50 ఉండేవి. దాని బరువు ఒక టన్ను దాకా ఉండేది. అంత చేసీ అందులో పట్టింది 50 లక్షల ఇంగ్లీషు అక్షరాలే. ఇప్పుడు అంగడిలో దొరికే డిస్కు చేతిలో పడుతుంది. ఒక టెరాబైటు డిస్కు అంటే లక్ష కోట్ల గళ్లు ఉన్న డిస్కు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి చాలు. తెలుగుకు ఎక్కువ కావాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో "అమ్మ" అని రాస్తే 12 గళ్లు పడతాయి. అయినా లక్ష కోట్ల ముందు అదెంత!

పెట్టె తెరవడం

పెట్టె తెరవాలంటే పెద్ద చదువు అక్కర్లేదు. ఒక స్టార్ స్క్రూ డ్రైవరు కావాలి. నిదానం కావాలి. అయితే ముందు వారంటీ కాగితం చూడాలి. గడువు ఇంకా ఉంటే పెట్టె తెరవకుండా కంపెనీ మనిషినే పిలిపించాలి. డబ్బు మిగులుతుంది.

గడువు లేకపోతే తెరవవచ్చు. ముందుగా స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. యు.పి.ఎస్.కు తగిలించి ఉంటే ఆ తీగను కూడా తీసేయాలి. గోడ కరెంటు లేకపోయినా యు.పి.ఎస్. లోపల బ్యాటరీ ఉంటుంది. తర్వాత కంప్యూటరు వేసే బొత్తాన్ని పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. లోపల మిగిలిన కాస్త కరెంటు ఖర్చయిపోతుంది.

వెనక చాలా తీగలు ఉంటాయి. వాటిని పీకే ముందు ఫోనుతో ఒక ఫోటో తీసుకోవడం మంచిది. ఏది ఎక్కడిదో తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

పెట్టెకు ఎదురుగా నిలబడితే సాధారణంగా ఎడమ చేతి వైపు తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపును వెనక రెండు స్క్రూలు పట్టుకుని ఉంటాయి. అవి తీసి ఒక చిన్న గిన్నెలో వేసుకోవాలి. కింద పెడితే ఒకటి ఎటో దొర్లిపోతుంది, అది అందరికీ జరిగేదే. తలుపును వెనక్కి జరిపితే ఊడి వస్తుంది.

లోపల చెయ్యి పెట్టే ముందు ఒక సంగతి. నైలాను చీర, పాలిస్టరు చీర కట్టుకుని నడిస్తే ఒంటి మీద కొద్దిగా కరెంటు పోగవుతుంది. ఎండాకాలం చీర మడతపెడుతుంటే చిటపటమంటుంది కదా, అదే. అది మనిషిని ఏమీ చెయ్యదు. కానీ కంప్యూటరు లోపలి సున్నితమైన ముక్కలను పాడు చెయ్యగలదు. అందుకని పెట్టెలో రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాలి. ఒంటి మీది కరెంటు అందులోకి పోతుంది. పని మధ్యలో కూడా అప్పుడప్పుడు తాకుతుండాలి. కొంగు నడుముకు దోపుకోవాలి. మెడలో గొలుసు వేలాడకుండా చూసుకోవాలి.

లోపల దుమ్ము విపరీతంగా ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో దులపాలి. తడి గుడ్డ పెట్టకూడదు.

పైనో కిందో ఒక మూల ఇనుప డబ్బా ఒకటి కనిపిస్తుంది. దాని నుంచి రంగురంగుల తీగలు గుత్తిగా వస్తాయి. దాన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. గోడ కరెంటు నేరుగా వచ్చేది దానిలోకే. దాన్ని మాత్రం విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా లోపల షాకు కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది. మెకానిక్కులు కూడా చాలాసార్లు దాన్ని విప్పరు, మొత్తంగా మార్చేస్తారు.

ముందు వైపున ఇనుప చట్రంలో బిగించి ఉండేది హార్డ్ డిస్కు. నాలుగు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాలకు కొంచెం తక్కువ పొడవు, అంగుళం మందం. అర కిలో అటూ ఇటూ బరువు. దానికి రెండు తీగలు తగిలించి ఉంటాయి. వెడల్పుగా ఉన్న ముక్కు కరెంటు తెచ్చేది. చిన్న ముక్కు లెక్కలు తెచ్చేది, తీసుకుపోయేది.

ఇక్కడ ఆగాలి. డిస్కు పోయిందని అనుకునే ముందు ఈ రెండు తీగలనూ ఊడదీసి మళ్లీ గట్టిగా గుచ్చి చూడాలి. పెట్టెను జరిపినప్పుడు, ఊడ్చేటప్పుడు చీపురు తగిలినప్పుడు తీగ వదులవుతుంది. అంతమాత్రానికే డిస్కు లేదని కంప్యూటరు చెబుతుంది. తీగ మార్చితే పోయేదానికి కొత్త డిస్కు అమ్మిన దుకాణాలు లేకపోలేదు. కానీ టక్ టక్ చప్పుడు వస్తుంటే అది తీగ తప్పు కాకపోవచ్చు.

డిస్కును నిజంగా మార్చవలసి వస్తే తీగలను ముక్కు పట్టుకుని లాగాలి, తీగ పట్టుకుని కాదు. కొన్నిటికి చిన్న క్లిప్పు ఉంటుంది, బొటనవేలితో నొక్కాలి. డిస్కుకు అటు రెండు, ఇటు రెండు స్క్రూలు. రెండో పక్క అందకపోతే కుడి వైపు తలుపు కూడా తీయాలి. పాత డిస్కును బయటికి లాగి, కొత్తదాన్ని అదే చోట పెట్టి, అవే స్క్రూలు బిగించాలి. పొడుగు స్క్రూ వేస్తే లోపలికి గుచ్చుకుంటుంది. తీగ ముక్కులోని సందు మేస్త్రి వాడే మూలమట్టం ఆకారంలో ఉంటుంది. అందుకని అది ఒక్క వైపే పడుతుంది. పట్టకపోతే తిప్పి చూడాలి, బలవంతంగా నెట్టకూడదు.

ఇప్పుడు ఎస్.ఎస్.డి. అనే కొత్త రకం డిస్కులు ఎక్కువ వాడుతున్నారు. వాటిలో తిరిగే రేకు లేదు. చప్పుడు లేదు. పని వేగంగా జరుగుతుంది. అయితే పోయేటప్పుడు చాలాసార్లు చప్పుడు చెయ్యకుండానే పోతుంది.

లెక్కల మాట ఏమిటి?

కొత్త డిస్కు కొత్త పలక లాంటిది. అందులో ఏమీ ఉండదు. విండోస్ గానీ లైనక్స్ గానీ ముందు ఎక్కించాలి. ఆ పని తెలిసిన వాళ్లు చెయ్యాలి. అప్పటికి కంప్యూటరు మళ్లీ నడుస్తుంది. లెక్కలు మాత్రం రావు. అవి పాత డిస్కులోనే ఉన్నాయి.

చాలాచోట్ల సంఘాల లెక్కలు ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారా దూరంలోని పెద్ద కంప్యూటర్లకు చేరుతున్నాయి. అక్కడ చేరినవి ఈ డిస్కు పోయినా పోవు. కానీ తీర్మానాలు, ఉత్తరాలు, సభ్యుల జాబితాలు, స్కాన్ చేసిన కాగితాలు ఆఫీసు డిస్కులోనే ఉండిపోతాయి. ఏది అక్కడ ఉంది, ఏది ఇక్కడే ఉంది అని లెక్కలు రాసే అమ్మాయిని అడిగి తెలుసుకునే హక్కు ప్రతి సభ్యురాలికీ ఉంది.

పాత డిస్కు నెమ్మదిగా అయినా నడుస్తుంటే మొదటి పని అందులోవి వేరే చోటికి నకలు తీయడం. మిగతా రిపేర్లన్నీ ఆ తర్వాతే. టక్ టక్ మంటుంటే మళ్లీ మళ్లీ స్విచ్చి వేసి చూడకూడదు. వేసిన ప్రతిసారీ గీత ఇంకా లోతుగా పడవచ్చు. డిస్కులోవి వెలికి తీసే నిపుణులు పట్నాల్లో ఉంటారు. దుమ్ము లేని గదిలో డిస్కు విప్పి చూస్తారు. దానికయ్యే ఖర్చు కొత్త డిస్కు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. దొరుకుతాయన్న హామీ కూడా లేదు. డిస్కును ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని కొందరు చెబుతారు. లోపల చెమ్మ పట్టి ఉన్నది కూడా పోతుంది.

పాత డిస్కును తగిలించినప్పుడు ఒక్కోసారి తెర మీద "ఫార్మాట్" చెయ్యాలా అని కంప్యూటరు అడుగుతుంది. ఫార్మాట్ అంటే పలక తుడవడం. లెక్కలు కావాలనుకుంటే "వద్దు" అనే బొత్తాన్నే నొక్కాలి.

ఇంత తిప్పలు పడకుండా ఉండాలంటే నకలు ముందే ఉండాలి. వారానికి ఒకసారి పెన్ డ్రైవులోకో, బయట తగిలించే డిస్కులోకో నకలు తీయాలి. దాన్ని కంప్యూటరు బల్ల సొరుగులో పెడితే లాభం లేదు. దొంగ వచ్చినా, వాన నీళ్లు వచ్చినా రెండూ కలిసే పోతాయి. కోశాధికారి ఇంట్లో పెట్టవచ్చు, తాళం వేసిన చోట. నెలకోసారి ఆ నకలును వేరే కంప్యూటరులో తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఎందుకు? సభ్యురాలి చేతిలోని పాసు పుస్తకం కూడా ఒక నకలే. అంకెలు చదవడం వచ్చిన మనిషి కంప్యూటరు లెక్కను తన పుస్తకంతో పోల్చుకోగలదు.

పాత డిస్కు ఎవరిది?

మెకానిక్కు వచ్చి డిస్కు మారుస్తాడు. "పాతది నేను తీసుకెళ్తానమ్మా, రెండొందలు తగ్గిస్తా" అంటాడు.

"వద్దు నాయనా, అది ఇక్కడే ఉండనీ" అనాలి అధ్యక్షురాలు.

మెకానిక్కు దొంగ అని కాదు. చాలామంది నమ్మకస్తులే. కానీ ఆ డిస్కులో సభ్యుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, సంతకాల ఫోటోలు ఉన్నాయి. తుడిపేసినట్టు కనిపించినా చాలాసార్లు తుడవబడవు. పుస్తకంలో విషయ సూచిక పేజీ చింపేస్తే లోపలి పాఠాలు పోతాయా? మామూలుగా "డిలీట్" నొక్కితే జరిగేది అంతే. పాడైన డిస్కును కూడా తెలిసిన వాళ్లు చదవగలరు. ఆ డిస్కు చేతులు మారి ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు.

అందుకని పాత డిస్కు మీద తేదీ రాసి బీరువాలో పెట్టాలి. ఎవరు మార్చారు, ఎంత ఖర్చయింది, పాతది ఎక్కడ ఉంది అని తీర్మానం పుస్తకంలో రాయాలి. ఇక దానితో పని లేదని తేలాక, రేకులున్న డిస్కు అయితే గట్టి గోనె సంచిలో పెట్టి లోపలి రేకులు వంగేదాకా సుత్తితో కొట్టాలి. కొన్నిటిలో రేకు గాజుది, పగిలితే కళ్లలో పడుతుంది. సంచి అందుకే. ఎస్.ఎస్.డి. అయితే లోపలి నల్లటి బిళ్లలన్నీ పగలాలి.

ఆ ముక్కలను చెత్తకుప్పలో వేయకూడదు, కాల్చకూడదు. కాలిస్తే విషపు పొగ వస్తుంది. కంప్యూటరు చెత్త గురించి దేశంలో వేరే నియమాలు ఉన్నాయి. 2022లో చేసిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇలాంటి చెత్తను అనుమతి ఉన్న వాళ్లకే ఇవ్వడం మంచిది. మునిసిపాలిటీలో గానీ, కంప్యూటరు కంపెనీ వాళ్లను గానీ అడిగితే ఎక్కడ ఇవ్వాలో చెబుతారు. ఇచ్చినప్పుడు రసీదు అడిగి తీసుకుని తీర్మానం పుస్తకంలో అంటించాలి.