ఏం చూశామో ఎవరికి తెలుసు?

1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, రాబర్ట్ బోర్క్ అనే న్యాయమూర్తి పేరును సుప్రీంకోర్టుకు ప్రతిపాదించారు. ఆ నియామకంపై తీవ్ర వాగ్వాదం సాగుతున్న రోజుల్లో వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక, ఆయన ఇంటివారు షాపు నుంచి అద్దెకు తెచ్చుకున్న 146 వీడియో క్యాసెట్ల జాబితాను బయటపెట్టింది. అందులో తప్పుపట్టదగినది ఏమీ లేదు. అయినా చట్టసభ సభ్యులు ఉలిక్కిపడ్డారు. నేడు ఆయనకు జరిగింది రేపు తమకు జరగదా? మరుసటి ఏడాదే, 1988లో, వీడియో గోప్యతా చట్టం వచ్చింది.

ఆనాడు ఆ జాబితా ఒక్క షాపులోనే ఉండేది. ఈనాడు మనం చూసే వీడియోల వివరాలు పలుచోట్ల నమోదవుతున్నాయి. 'తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు?' అని కొందరు అడుగుతారు. భర్త కొట్టే దెబ్బల నుంచి చట్టం ఎలా కాపాడుతుందో వీడియోలో చూసి తెలుసుకుంటున్న ఇల్లాలు ఏం తప్పు చేసింది? పైఅధికారి అవినీతికి సాక్ష్యమైన కాగితాలను పత్రికకు పంపే గుమాస్తా ఏం తప్పు చేశాడు? వారికి అజ్ఞాతం ఒక రక్షణ.

పేరు తీసేస్తే చాలదు

చాలామంది బ్రౌజర్‌లోని 'ఇన్‌కాగ్నిటో' పద్ధతిని నమ్ముకుంటారు. అది చేసేది ఒక్కటే: చూసిన పేజీల చరిత్రను ఆ ఫోన్‌లో మిగల్చదు. ఇంట్లో వారికి తెలియకపోవచ్చు గాని, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకీ, మనం వెళ్ళిన వెబ్‌సైట్‌కూ మన ఐపీ చిరునామా కనిపిస్తూనే ఉంటుంది.

పేర్లు తొలగించిన సమాచారం కూడా భద్రం కాదు. 2006లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ ఒక పోటీ కోసం సుమారు 5 లక్షల మంది ఖాతాదారులు సినిమాలకు ఇచ్చిన మార్కులను, పేర్లు తీసేసి విడుదల చేసింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ వాటిని మరోచోట బహిరంగంగా ఉన్న సినిమా అభిప్రాయాలతో పోల్చి, కొందరిని గుర్తించవచ్చునని నిరూపించారు. ఒక దావా తరువాత, 2010లో, రెండవ పోటీ రద్దయింది.

ముసుగులు, వాటి హద్దులు

వీపీఎన్ వాడితే వెబ్‌సైట్‌కు మన చిరునామాకు బదులు ఆ కంపెనీ చిరునామా కనబడుతుంది. అంటే మన రహస్యం ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారింది, అంతే. వీపీఎన్ కంపెనీలు ఖాతాదారుల వివరాలను కనీసం 5 సంవత్సరాలు భద్రపరచాలని మన దేశంలో 'సెర్ట్-ఇన్' 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అందుచేత కొన్ని కంపెనీలు ఇక్కడి సర్వర్లను తొలగించాయి.

'టార్' పద్ధతి వేరు. అది సమాచారాన్ని మూడు మజిలీల మీదుగా పంపుతుంది. మొదటి మజిలీకి మనమెవరమో తెలుస్తుంది గాని ఎక్కడికి వెళుతున్నామో తెలియదు. చివరి మజిలీకి గమ్యం తెలుస్తుంది గాని మనం తెలియము. వేగం తక్కువ కాబట్టి వీడియోలు ఆగి ఆగి వస్తాయి. టార్‌లో ఉండి సొంత ఖాతా తెరిస్తే మాత్రం, ముసుగు వేసుకుని పేరు చెప్పుకున్నట్లే.

ఫైళ్ళు పంపేటప్పుడు

టొరెంట్ ద్వారా ఫైలు తీసుకుంటే, దాన్ని పంచుకుంటున్న మిగతావారికి మన ఐపీ చిరునామా బాహాటంగా కనబడుతుంది. టార్ మీదుగా టొరెంట్ నడిపినా అసలు చిరునామా బయటపడే ప్రమాదం ఉందని టార్ నిర్వాహకులే 2010లో హెచ్చరించారు. టార్ ఆధారంగా నేరుగా ఫైళ్ళు పంపేందుకు 'ఆనియన్‌షేర్' అనే ఉచిత సాధనం 2014 నుంచి ఉంది.

అయితే దారి ఎంత భద్రమైనా, ఫైలే గుట్టు విప్పవచ్చు. 2012 డిసెంబరులో పోలీసుల నుంచి తప్పించుకు తిరుగుతున్న జాన్ మెకాఫీ ఫొటోను ఒక పత్రిక ప్రచురించింది. ఆ ఫొటో ఫైలులో దాగిన అక్షాంశ రేఖాంశాలు ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్లు లోకానికి చెప్పేశాయి! ఫొటో గాని, పత్రం గాని పంపే ముందు ఇలాంటి వివరాలను తొలగించుకోవాలి.

అజ్ఞాతం అభయం కాదు

2013లో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకునేందుకు టార్ ద్వారా బాంబు బెదిరింపు పంపాడు. ఆ సమయంలో విశ్వవిద్యాలయ వైఫై నుంచి టార్ వాడినవారెవరో చూసి అతన్ని పట్టుకున్నారు. ముసుగు నేరాన్ని ధర్మంగా మార్చదు.

కాని గోప్యత నేరస్థుల సొత్తు కాదు. అది పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. కనుక పాఠకులారా, ఏ ముసుగైనా ధరించే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎవరి కంట పడకూడదు? ఎవరిని నమ్ముతున్నాం? ఇంటివారి నుంచి దాచడానికి సరిపోయే ముసుగు కంపెనీ నుంచి దాచదు. కంపెనీ నుంచి దాచేది సైతం, మన ఫొటోలో మనమే రాసి పంపిన చిరునామాను దాచలేదు.