బిల్లు మీది లాటిన్ మాటలు

సరకు బిల్లుల్లోను, ఒప్పంద పత్రాల్లోను లాటిన్ మాటలు నేటికీ చెల్లుబాటు అవుతూనే ఉన్నాయి. వాటిని ఇంగ్లీషు మాటలనుకొనే వాడేవారే వర్తకుల్లో ఎక్కువ. అర్థం తెలిసినా తెలియకపోయినా బాధ్యత సంతకం పెట్టినవారిదే.

ముందుగా చెప్పుకోవలసింది ‘ఆడ్ వాలోరెం’. విలువను బట్టి అని అర్థం. క్వింటాల్ మిర్చి ధర 10,000 రూపాయలనుకుంటే, నూటికి రూపాయి చొప్పున రుసుము 100 రూపాయలు. ధర 20,000 అయితే 200. సరకు అదే, తూకం అదే. బస్తాకు ఇంత అని విధించిన రుసుమైతే ధర పెరిగినా కదలదు. అమ్మకం ధర ముందే ఒప్పుకొని తరువాత సరకు కొనే వర్తకునిపై పెరిగిన ధరతో పాటు పెరిగిన రుసుము కూడా పడుతుంది.

‘ప్రో ఫార్మా’ ఇన్వాయిస్ నమూనా కోసం పంపేది మాత్రమే. దాన్ని చూపి జి.ఎస్.టి. ఇన్‌పుట్ క్రెడిట్ పొందడం కుదరదు.

‘కేవియట్ ఎంప్టార్’ అంటే కొనేవాడే చూసుకోవాలి. అయితే 1930 నాటి సరకుల విక్రయ చట్టం దీనికి కొన్ని హద్దులు పెట్టింది. మచ్చు చూపి అమ్మినప్పుడు మొత్తం సరకు మచ్చుకు సరిపోవాలి. పోల్చి చూసుకొనే అవకాశం కొన్నవారికి ఉండాలి. మచ్చును మామూలుగా పరిశీలిస్తేనే కనిపించే లోపంపై తరువాత పేచీ పెడితే నిలవడం కష్టం. మచ్చు చేతికి రాగానే తల ఊపే అలవాటున్నవారు ఇది గమనించాలి.

ఈ మాటలు మనవారికి బొత్తిగా పరాయివి కావు. పర్సెంట్‌లోని ‘కెంటుం’, మన ‘శతం’ ఒకే మూలం నుంచి వచ్చాయి. క్రెడిట్‌కు మూలమైన ‘క్రెదెరె’ అంటే నమ్మడం; సంస్కృత ‘శ్రద్ధ’ దానికి తోబుట్టువు. అరువు బేరమంతా నమ్మకం మీదనే కదా! రోమన్లు డబ్బును ‘పెకూనియా’ అన్నారు. పశువుల మంద అనే అర్థం గల ‘పెకుస్’ నుంచి వచ్చిన మాట అది. మన ‘పశు’ శబ్దానికి దగ్గరి చుట్టం. గోధనమన్న మాటలోనూ అదే లెక్క. ‘మనీ’ మాత్రం రోములోని జూనో మోనెటా దేవత పేరు నుంచి వచ్చింది. టంకశాల ఆ ఆలయం వద్దనే ఉండేది.

రోమన్ల వెండి నాణెం ‘దెనారియస్’ పేరే మన దేశంలో దీనారమైంది. కువాయిట్‌లో పనిచేసే తెలుగువారు నేడు జీతంగా అందుకొంటున్న దినార్ కూడా అదే మాట.