కంటికందని పక్షికి కంఠమే ఆనవాలు

మామిడి గుబురులో దాగిన కోకిలను చూసినవారు కొద్దిమందే. దాని కూత విననివారు అంతకంటె అరుదు. పక్షి కనబడకపోయినా అది కోకిలయే అని పసిపిల్లలు సైతం చెప్పగలరు. ఆ కూత వారి జ్ఞాపకంలో ముందే నిలిచి ఉండడమే ఇందుకు కారణం. ధ్వనిముద్రణ ఆధారంగా పక్షిని గుర్తించే శాస్త్రానికీ ఇదే మూలసూత్రం: పోల్చి చూడడానికి తెలిసిన కూత ఒకటి ఉండాలి.

అయితే జ్ఞాపకం ఒక్కటే శాస్త్రానికి చాలదు. అందుచేత శాస్త్రజ్ఞులు కూతను స్పెక్ట్రోగ్రామ్ అనే చిత్రంగా మారుస్తారు. ఇందులో ఎడమ నుండి కుడికి కాలము, క్రింది నుండి పైకి పౌనఃపున్యము, ముదురు లేత ఛాయలలో ధ్వని తీవ్రత కనిపిస్తాయి. ఈలవంటి కూత సన్నని గీతగా, కాకి బొంగురు అరుపు దట్టమైన మరకగా కనబడతాయి. 1940వ దశకంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలు మనుష్యుల మాటలను పరిశీలించడానికి రూపొందించిన ఈ పద్ధతిని 1950వ దశకంలో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు విలియం థార్ప్ పక్షుల పాటలకు అన్వయించారు. 2021 నుండి కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ ఈ చిత్రాలను పోల్చే పనిని చేతిలోని ఫోనులోనే చేస్తున్నది. ఐనా యంత్రం చెప్పినదే తుదిమాట కాదు. అమెరికాలో మన పెరటి చెట్టుపై వాలే మాకింగ్‌బర్డ్ ఇతర పక్షుల కూతలను అచ్చంగా అనుకరిస్తుంది. ఒక్క కూతను గాక, కూతల వరుసను వింటే గాని దాని గుట్టు బయటపడదు.

మరి పోల్చడానికి మాదిరియే లేకపోతే? కడప జిల్లా కలివికోడి కథ ఇందుకు తార్కాణం. జెర్డాన్ అనే వైద్యుని ద్వారా 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తరువాత కనుమరుగైంది. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ స్థానికుల సహాయంతో లంకమల ప్రాంతంలో దీనిని తిరిగి కనుగొన్నారు. ముళ్ళపొదల నడుమ రాత్రివేళ మాత్రమే సంచరించే ఈ పక్షిని చూడడం మిక్కిలి కష్టం. దాని కూత తొలిసారి ధ్వనిముద్రితమైనది 2000వ దశకం ఆరంభంలోనే. అంతకు మునుపు ఏ పరిశోధకుడైనా ఆ కూతను చీకటిలో విని ఉన్నా, అది ఎవరిదో నిర్ధారించగలిగేవాడు కాడు.

ప్రొద్దు గుంకిన ముప్పావుగంట తరువాత కొద్ది నిమిషాలపాటు వినిపించే రెండు స్వరాల కూత అది. మాదిరి లభించిన పిమ్మట పరిశోధకులు దానిని పొదలలో వినిపించి, బదులు కోసం చెవియొగ్గసాగారు. కొన్నేళ్ళ మౌనం తరువాత 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఆ కూత మరల ధ్వనిముద్రణకు చిక్కింది.

కూత వినబడితే పక్షి ఉన్నట్లే; వినబడనంత మాత్రాన లేనట్లు కాదు. ఈ భేదాన్ని మరచి, నిశ్శబ్దంగా ఉన్నదని ఒక పొదల నేలను చదును చేస్తే, తరువాత ఎంత చెవియొగ్గినా బదులు పలికే గొంతు మిగలదు.